ఎర్ర పూస ఉన్న చివరి బోగీ

ఒకే జత పట్టాల మీద ఎదురెదురుగా రెండు రైళ్ళు వచ్చి, ముక్కూ ముక్కూ రాసుకునేంత దగ్గరలో ఆగిపోయాయనుకోండి. ఏది వెనక్కి పోవాలి? చెప్పండి చూద్దాం.

చిన్నదా? కాదు. డ్రైవరుకి భయం ఎక్కువున్నదా? ఆ మాటన్నవాడు ముందు గోడ దగ్గర్నుంచి ఇవతలికి జరిగి కూర్చోవాలి. జవాబు నేనిప్పుడే చెప్పను. ఈ కథలో ఒక మనిషికి ఆ జవాబు ప్రాణమంత అవసరం పడుతుంది, అతనితోపాటు మీరూ వెతుక్కోండి. గిన్నెలు సగం కడిగి వదిలేసి వచ్చాను కాబట్టి సాగదీయకుండా చెప్తాను.

అతను కట్టుడు పళ్ళ సెట్లు చేసేవాడు. డాక్టరు కాదు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, పన్ను పక్కన పన్ను పేర్చేవాడు. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు అతని పుణ్యమా అనే నవ్వుతున్నారని డాక్టరు అంటుండేవాడు. మిగతా సగం మంది అతని పుణ్యమా అనే నోరు మూసుకున్నారని అత్తగారు అనేది. ఆవిడ నోట్లో ఉన్నదీ అల్లుడు చేసిన సెట్టే. కింది వరస కొరుకుతోందని రోజుకోసారి సాధించేది గానీ, ఇంకొకరి చేత మాత్రం చేయించుకునేది కాదు.

ఇంట్లో ఉన్నది అతనూ, అత్తగారూ, అతని కూతురూ. వెనకవైపు గది అతని పనిగది. దాని గోడకు అవతల కిటికీ లేని సామాన్ల గది.

కూతుర్ని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. కళ్ళు తెరిచింది మొదలు కిచకిచలే. అలాంటి పిల్ల, తన కాళ్ళతో తాను నడిచి ఆసుపత్రికి వెళ్ళిన తల్లి ఇక తిరిగి రాదని తెలిసిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. ఏడవను కూడా లేదు. గొంతు చూసిన వాళ్ళు గొంతు బాగుందన్నారు, చెవులు చూసిన వాళ్ళు చెవులు బాగున్నాయన్నారు. మాట లోపలే ఉంది, దానంతట అది రావాలి అని చెప్పి పంపేశారు.

అతను బతిమాలాడు. బొమ్మలు కొన్నాడు. పిచ్చి వేషాలు వేశాడు. పిల్ల నిద్రపోయాక పక్కలో వంగి, నిద్రలోనైనా ఏమన్నా అంటుందేమోనని పెదవుల దగ్గర చెవి పెట్టి పడుకునేవాడు. వెచ్చటి ఊపిరి తగిలేది. అంతే. భార్య ఎలాగూ పోయింది, పిల్ల ఇంట్లో ఉండీ పోతోందే అని లోలోపల కుమిలిపోయేవాడు.

ఒకరోజు ఎవరో కొత్త డాక్టరు దగ్గర్నుంచి తిరిగొస్తుంటే, ఒక దుకాణం అద్దం వెనక చిన్న రైలు గుండ్రంగా తిరుగుతోంది. పిచ్చుక ఆగింది. అద్దం మీద వేలు పెట్టి, రైలు ఎటు పోతే అటు ఆ వేలిని జరిపింది. వాళ్ళమ్మ పోయాక ఆ పిల్ల తనంతట తాను చేసిన మొదటి పని అది.

అతను కూడా ఆగాడు. నిజానికి పెద్దయ్యాక అలాంటి అద్దం కనిపిస్తే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచేవాడు. ఎందుకో తెలియాలంటే అతని చిన్నతనం చెప్పాలి.

అతని నాన్న ఒక చిన్న స్టేషన్లో స్టేషన్ మాస్టరు. అది ఒంటి లైను. పోవడానికీ రావడానికీ ఒకే జత పట్టాలు. మరి రెండు బండ్లు గుద్దుకోకుండా ఎలా? ఈ స్టేషన్ మాస్టరు గంట కొట్టి, ‘బండి పంపనా?’ అని అవతలి స్టేషన్ని అడుగుతాడు. ‘పంపు’ అని వాళ్ళు గంట కొడితేనే బండి కదులుతుంది. పంపమని మాటిచ్చాక, ఆ బండి వచ్చి చేరేదాకా వీళ్ళు ఎదురుగా ఇంకో బండిని వదలకూడదు. ఇంకొకటి. బండి వచ్చినంత మాత్రాన వచ్చినట్టు కాదు. చివరి బోగీకి ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును కళ్ళారా చూశాకే ‘వచ్చింది’ అని గంట కొట్టాలి. గుర్తు కనపడలేదంటే బండిలో కొంత భాగం ఇంకా దారిలోనే ఉందన్నమాట. అర్థమైంది కదా? ఇదంతా గుర్తు పెట్టుకోండి.

అతనికి ఒక అక్క. ఆ ఇద్దరికీ కీ ఇస్తే నడిచే రేకు రైళ్ళుండేవి. అక్కది నల్ల ఇంజను, తమ్ముడిది ఆకుపచ్చది. రెండు గదుల మధ్య గోడకు అడుగున నీళ్ళు పోయే తూము ఉంది. అదే వాళ్ళ సొరంగం. అటు గదిలో అక్క స్టేషను, ఇటు గదిలో తమ్ముడి స్టేషను. ఒకరికొకరు కనపడరు. బోర్లించిన గ్లాసు మీద చెంచాతో రెండు దెబ్బలు కొడితే ‘పంపనా?’ అని. తిరిగి రెండు కొడితే ‘పంపు’ అని. చివరి బోగీకి అతికించిన ఎర్ర పూసను చూశాక ఒక్క దెబ్బ. ‘వచ్చింది’.

అక్కకి పదకొండో ఏట జ్వరం వచ్చింది. తూము పక్కనే మంచం. ఒక సాయంత్రం అవతల్నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. తమ్ముడు చెంచా ఎత్తాడు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. “వద్దురా, కాసేపు పడుకోనీ” అంది. మళ్ళీ రెండు దెబ్బలు. కాసేపాగి మళ్ళీ రెండు. అమ్మ చెయ్యి వదల్లేదు. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. నిద్రపోయిందనుకున్నారు.

ఆ నల్ల ఇంజను ఏమైందో ఇంట్లో ఎవరూ అడగలేదు. తూముకి సిమెంటు పెట్టించారు.

అందుకే అతను రైలుబొమ్మల జోలికి పోలేదు. కానీ పిల్ల వేలు అద్దం మీద కదిలింది కదా. అదే రోజు రైలు ఇంటికొచ్చింది.

ఒకసారి మొదలుపెట్టాక అతని చేతులు అతని మాట వినలేదు. పళ్ళు అరగదీసే డ్రిల్లుతో పట్టాల కింది స్లీపర్ చెక్కలకు నగిషీలు చెక్కాడు. పళ్ళ అచ్చుల ప్లాస్టర్‌తో కొండ పోశాడు. రంపపు పొట్టుకి రంగేసి గడ్డి చేశాడు. చిగుళ్ళ మైనంతో స్టేషన్ పైకప్పు పెంకులు ఒక్కొక్కటే దిద్దాడు. డాక్టరు ఫోను చేసి, పళ్ళడిగితే కొండలు పంపేలా ఉన్నావు, మా పేషెంట్లు వాటితో ఎలా నమలాలయ్యా అని వెక్కిరించాడు. అత్తగారు మాత్రం, కొండ నున్నగా వచ్చింది, ఆ శ్రద్ధ నా కింది వరస మీద పెట్టుంటే బాగుండేది అంది. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎందుకంటే పిచ్చుక అతని పక్కనే కూర్చుని చెట్లు నాటుతోంది.

మాట్లాడని పిల్లతో రైలాట ఎలా ఆడాలి? జవాబు అతనికి ముందే తెలుసు. గోడకి పిడికిలంత రంధ్రం చేశాడు. ఇటు పనిగదిలో తన స్టేషను, అటు సామాన్ల గదిలో పిచ్చుక స్టేషను. ఇద్దరికీ చెరో గ్లాసు, చెరో చెంచా. కొత్త రైలు కరెంటుది, ఆకుపచ్చ ఇంజను, వెనక బోగీలు, చివరిదానికి ఎర్ర పూస. మీట ఇటు తిప్పితే ముందుకి, అటు తిప్పితే వెనక్కి.

రెండు దెబ్బలు. అవతల్నుంచి రెండు దెబ్బలు. రైలు సొరంగంలోకి దూరి అటు తేలేది. కాసేపటికి ఒక్క దెబ్బ. అన్నాళ్ళకు కూతురు తనకి జవాబిస్తోంది. గ్లాసు మీద అయితేనేం. అతను గోడకి నుదురానించి ఆ చప్పుడు వినేవాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు. పొద్దు కుంకకముందే పనిగదిలో చీకటి ముసిరింది. ప్లాస్టర్ చెమ్మ వాసన, కాలిన మైనం వాసన. చూరు నుంచి నీళ్ళు ఒకే తీరున కారుతున్నాయి. అతను బల్ల ముందు కూర్చుని ఒక పన్ను అంచు అరగదీస్తున్నాడు. సామాన్ల గదిలోంచి గ్లాసు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

అతను తలెత్తలేదు. ఎడమ చేత్తో చెంచా అందుకుని రెండు దెబ్బలు కొట్టాడు. పంపు.

ఆ తర్వాతే అతనికి వెనకాల ఎవరో నిలబడ్డట్టు తెలిసింది. తిరిగి చూశాడు. గుమ్మంలో పిచ్చుక. తలంటుకుని వచ్చింది, జుట్టంతా తువ్వాల్లో చుట్టి ఉంది. వెనకాల అత్తగారు, తల ఆరకుండా ఆటలొద్దు అంటోంది.

మరి అవతల తట్టిందెవరు?

వెళ్ళి చూశాడు. సామాన్ల గదిలో ముక్కాలి పీట, బోర్లించిన గ్లాసు, పక్కన చెంచా. ఎవరూ లేరు. ఎలుక అయ్యుంటుందిలే అనుకున్నాడు. ఎలుక రెండే దెబ్బలు కొట్టి ఎందుకాగుతుంది అని మాత్రం అనుకోలేదు. అనుకోవడానికి మనసొప్పలేదు. గోడ రంధ్రంలోంచి సన్నగా గాలి కొడుతోంది. అందులో తడిగుడ్డ వాసన... జ్వరం వచ్చినవాళ్ళ నుదుటి మీద వేసి తీసిన తడిగుడ్డ వాసన.

పిచ్చుక అప్పటికే తన పీట ఎక్కి కూర్చుంది. ముఖంలో వెలుగు. ఆ వెలుగును కాదనడం అతని వల్ల కాలేదు. తన స్టేషనుకి వచ్చి రెండు దెబ్బలు కొట్టాడు. పిచ్చుక రెండు కొట్టింది. మీట తిప్పాడు.

చూశారా ఏం చేశాడో? అవతలి బండిని రమ్మని ముందే మాటిచ్చాడు. అది వచ్చి చేరలేదు. దానికెదురుగా తన బండిని వదిలాడు. స్టేషన్ మాస్టరు కొడుకు చెయ్యాల్సిన పనేనా?

ఆకుపచ్చ రైలు సొరంగంలోకి వెళ్ళింది. చివరి బోగీ ఎర్ర పూస చీకట్లో మునిగింది. గోడ మందం జానెడు. ఆపాటికి అటు తేలాలి. తేలలేదు. లోపల చక్రాల చప్పుడు మాత్రం దూరమవుతూ పోయింది... ఇంకా దూరం... జానెడు గోడలో అంత దూరం ఎక్కడుంది?

ఎక్కడో చాలా లోపల, ఇనుముకి ఇనుము తగిలిన చిన్న చప్పుడు.

కరెంటు పోయింది.

“బుజ్జీ” అని పిలిచాడు. పలకదని తెలిసీ పిలిచాడు. తడుముకుంటూ లాంతరు అందుకున్నాడు. అది పాతకాలపుది, ఇటుకంత బ్యాటరీతో వెలిగేది. సామాన్ల గదిలోకి పరిగెత్తాడు. పీట ఉంది. పీట మీద తువ్వాలు ఉంది, ఇంకా తడిగా. పిల్ల లేదు. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు. అందులోంచే అతను వచ్చాడు.

పెట్టెల వెనక వెతికాడు. బల్ల కింద వెతికాడు. వంటింట్లోంచి అత్తగారు, నా దగ్గరికి రాలేదే, నీ దగ్గరే కదా ఉంది అంది.

అప్పుడు వినిపించింది.

“నాన్నా...”

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం పెదవుల దగ్గర చెవి పెట్టి పడుకున్నాడో, ఆ మాట. పిచ్చుక గొంతే. గోడ రంధ్రంలోంచి వస్తోంది.

అతను నేల మీద పడి రంధ్రానికి నోరానించాడు. “ఎక్కడున్నావమ్మా?”

“రైల్లో. ఆగిపోయింది.”

“ఎందుకాగింది తల్లీ?”

“ఎదురుగా ఇంకో రైలుంది. నల్లది. వెనక్కి పోనంటోంది నాన్నా. నువ్వే రమ్మన్నావట.”

అతను పనిగదిలోకి పరిగెత్తాడు. ప్లాస్టర్ కొట్టే సుత్తి తీసి రంధ్రం చుట్టూ ఉన్న కొండను బద్దలు కొట్టాడు. తెల్లటి పెళ్ళలు కాళ్ళ మీద పడ్డాయి. రంధ్రం ముందు లాంతరు పెట్టి చూశాడు. అవతలి గది గోడ కనిపించింది. మధ్యలో ఖాళీ పట్టాలు. రైలు లేదు. పిల్ల లేదు. చెయ్యి పెట్టాడు. చెయ్యి అటు తేలింది, అవతల తన వేళ్ళు కదలడం తనకే కనిపించింది.

“చలేస్తోంది నాన్నా” అంది ఆ గొంతు, ఇందాకటికంటే లోపల్నుంచి.

కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల మధ్యా తిరిగాడు. గోడ మొత్తం పడగొడదామా? పడగొట్టాక లోపల ఏమీ లేకపోతే? ఆ గొంతు కూడా వినపడకుండా పోతే? సుత్తి కింద పడేశాడు. రెండు చేతుల్తో తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పుడు తమ ఇద్దర్నీ చెరో మోకాలి మీద కూర్చోబెట్టుకుని నాన్న అడిగిన ప్రశ్న. నేను మిమ్మల్ని అడిగిందే. అక్క చెప్పలేకపోయింది, తనూ చెప్పలేకపోయాడు. నాన్నే చెప్పాడు. ‘ముందు ఎవరికి మాటిచ్చావో దారి వాళ్ళది. మాట తప్పి వచ్చిన బండే వెనక్కి పోవాలి.’

తన బండే వెనక్కి రావాలి. వెనక్కి తిప్పాలంటే కరెంటు కావాలి. ఇంట్లో కరెంటు లేదు. ఉన్నదల్లా చేతిలోని లాంతరు, దాని కడుపులోని బ్యాటరీ. పట్టాలకున్న తీగలు తారుమారు చేసి బ్యాటరీకి ఆనిస్తే రైలు వెనక్కి నడుస్తుంది. కానీ లాంతరు ఆరిపోతుంది.

అవతల్నుంచి వచ్చేదాన్ని చూడటానికి వెలుగుండదు.

బ్యాటరీ లాగేశాడు. చీకటి కళ్ళలోకి దూరినట్టు వచ్చింది. తీగలు పళ్ళతో ఒలిచి, తారుమారు చేసి అదిమిపెట్టాడు. చిటుక్కుమని చిన్న రవ్వ.

ఏమీ లేదు.

చూరు నీళ్ళు... తన గుండె చప్పుడు...

తర్వాత, చాలా దూరం నుంచి, చక్రాలు. నెమ్మదిగా. బ్యాటరీలో అంతకంటే శక్తి లేదు. అతను మరో చెయ్యి పట్టాల పక్కన పెట్టి వేళ్ళతో చూశాడు. ఎర్ర పూస తగిలింది. తన చివరి బోగీ. దాని వెనక తక్కినవి. తర్వాత ఇంజను, వెచ్చగా. ఆ ఇంజను ముక్కుకి ముక్కు ఆనించి...

ఇంకొకటి.

రేకు. మంచులా చల్లగా ఉంది. దాని పక్కన కీ తిరుగుతోంది, చిన్నప్పటిలాగే కరకరమంటూ. ఆ కీ తోకకు ఒక చోట నొక్కు ఉంటుంది. తనే చిన్నప్పుడు కొరికి చేసిన నొక్కు. అది వేలికి తగిలింది. చెయ్యి తీసేద్దామనుకున్నాడు. పిల్ల ఇంకా చేతికి రాలేదు. తియ్యలేదు.

నల్ల ఇంజను వెనక ఒక బోగీ. ఇంకొకటి. ఇంకొకటి. అక్కకి అన్ని బోగీలు ఎప్పుడున్నాయి? వస్తూనే ఉన్నాయి. తడిగుడ్డ వాసన గదంతా నిండింది. ఎవరో అతని భుజాన్ని రాసుకుంటూ వెళ్ళారు. అడుగులు తేలిగ్గా పడ్డాయి, పదకొండేళ్ళ పిల్లవిలా.

అతని చేతిలోకి ఒక చిన్న చెయ్యి వచ్చింది. వెచ్చగా.

ఆ చేతిని పట్టుకుని లాగి ఒళ్ళో వేసుకున్నాడు. తీగలు వదిలేశాడు. కరెంటు వచ్చింది.

పిచ్చుకే. కళ్ళు, ముక్కు, మోకాలి మీది పాత దెబ్బ, అన్నీ పిచ్చుకవే. పట్టాల మీద ఆకుపచ్చ రైలు ఒక్కటే ఉంది. దానికెదురుగా ఏమీ లేదు. అత్తగారు గుమ్మంలో నిలబడిపోయింది, ఎందుకంటే పిల్ల గడగడా మాట్లాడుతోంది. అమ్మమ్మా ఆకలేస్తోంది అంది, పాలు కావాలి అంది. ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ, పాలు కాచడానికి వంటింట్లోకి పరిగెత్తింది.

అతను మాత్రం పిల్ల తల చూస్తున్నాడు. ఇందాక తువ్వాల్లో తడిగా చుట్టి ఉన్న జుట్టు ఇప్పుడు రెండు జడలుగా ఉంది. చివర్లు పైకి మడిచి, రిబ్బను లేక దారంతో బిగించి కట్టి ఉన్నాయి. ఆ ముడి వేసేవాళ్ళు అతనికి ఒక్కరే తెలుసు.

“జడలు ఎవరేశారమ్మా?”

“అక్క.”

అక్క కాదు, నీకు మేనత్త అవుతుంది అనబోయాడు.

“తను... ఎటెళ్ళింది?”

పిచ్చుక తండ్రి భుజం మీదుగా వెనక్కి చూసింది. “దిగింది” అంది, అంతే.

ఆ సాయంత్రమే ప్లాస్టర్ కలిపాడు. పళ్ళ ప్లాస్టర్ ఆగదు, కలిపిన కాసేపటికే గట్టిపడుతుంది. గబగబా గిన్నె తీసుకుని రంధ్రం ముందు కూర్చున్నాడు. పిచ్చుక వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

“మూసెయ్యకు నాన్నా.”

“ఎందుకమ్మా?”

“ఆ రైలు పూర్తిగా రాలేదు. ఎర్ర పూస ఉన్న బోగీ ఇంకా లోపలే ఉంది.” చెవి దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పింది. “అమ్మ అందులో ఉంది.”

అతను వేళ్ళతో చూసిన బోగీలన్నీ గుర్తు చేసుకున్నాడు. ఒక్కదానికీ పూస తగల్లేదు. నల్ల రైలు చివర అతను చూడనేలేదు. పిల్ల చేతికి రాగానే తీగలు వదిలేశాడు.

చేతిలో గిన్నె వేడెక్కింది. ప్లాస్టర్ బిగుసుకునేటప్పుడు అలాగే వేడెక్కుతుంది. అత్తగారు పాలు తెచ్చేసరికి గిన్నెలో ప్లాస్టర్ రాయిలా అయింది, గరిటె అందులో నిలువుగా ఇరుక్కుని ఉంది. అతను ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. రంధ్రం తెరిచే ఉంది.

తర్వాత ప్రతి సాయంత్రం పని ఆపేసి, గ్లాసు ముందు పెట్టుకుని, చెంచా పట్టుకుని కూర్చునేవాడట. ‘వచ్చింది’ అని కొట్టాల్సిన ఆ ఒక్క దెబ్బ కోసం. పిచ్చుక అటు గదిలో కబుర్లు చెబుతుండేది. వినేవాళ్ళెవరో ఉన్నట్టు, మధ్య మధ్యలో ఆగుతూ. ఒకరోజు అత్తగారు సామాన్ల గది ఊడుస్తూ అల్లుణ్ణి పిలిచింది. పిల్ల ఒక్కతే ఆడుకుంటుంది కదా, ముక్కాలి పీటలు మూడెందుకు వేసుకుందయ్యా అంది.

పిల్ల ఒక పీటే అడిగింది. అతను ఒక పీటే చేశాడు.

ఆ బోగీ వచ్చిందా అంటే ఏం చెప్పను? ఇల్లు చేతులు మారింది, గోడకి చాలాసార్లు సున్నం పడింది. ఆ ఒక్క దెబ్బ కొట్టినట్టు ఎవరూ చెప్పలేదు. కొట్టలేదంటే ఆ బండి ఇంకా దారిలో ఉన్నట్టే. ఒరే, గోడకి ఆనుకోవద్దన్నానా? ఇవతలికి జరుగు.

ఇక నేను లేస్తాను. పళ్ళేలు అయిపోయాయి, గ్లాసులే మిగిలాయి, అవి కూడా కడిగేసి వస్తాను. కాసేపు చప్పుడు నా దగ్గర్నుంచే వస్తుంది, బెదరకండి. చప్పుడు ఆగాక కూడా రెండు దెబ్బలు వినపడితే మాత్రం, ఎవరూ తిరిగి కొట్టకండి.